పిడకల నాటి నుంచి మీటరు దాకా: యింటి మంట ఖర్చు



కరెంటు బిల్లు చేతికి వచ్చిన రోజున యింట్లో చిన్న గొడవ జరగడం మామూలే. ఫాను ఎవరు ఆపలేదు, లైటు ఎవరు వదిలేశారు అని ఆరాలు తీస్తాము. "మా తాతల కాలంలో యీ బిల్లులూ లేవు, గ్యాసు బండలూ లేవు, హాయిగా బతికారు" అని పెద్దలు ఒక మాట అననే అంటారు. బిల్లు లేదన్న మాట నిజమే. ఖర్చు మాత్రం వుండేది. దాన్ని కాగితం మీద రాసి యిచ్చేవాడు లేడు, అంతే. పొలం కొంత చెల్లించేది, అడవి కొంత చెల్లించేది, తక్కినది యింటి ఆడవాళ్ళ నడుమూ, కళ్ళూ, ఊపిరీ చెల్లించేవి. ఆ ఖర్చు ఏ కాలంలో ఎవరి పద్దున పడిందో ఒక్కసారి వెనక్కు వెళ్ళి చూద్దాము. యివాళ బిల్లు తగ్గించుకునే వుపాయాలు కూడా ఆ దారిలోనే కనబడతాయి.

మన పల్లెల్లో వంటచెరకు పని కూడా సేద్యపు పని మాదిరిగానే కార్తెల ప్రకారం నడిచేది. సంక్రాంతి పోయి ఎండ ముదిరే వేళకు పిడకలు చేయడం మొదలు. మాఘం నుంచి వైశాఖం దాకా గోడల మీదా, గట్ల మీదా, కళ్ళం నేల మీదా పిడకలే. పేడలో ఊకో గడ్డిపొట్టో కలిపి తట్టేవారు. మృగశిర చినుకు పడేలోగా వాటిని కుప్పవేసి, పైన తాటాకో వరిగడ్డో కప్పేవారు. కంది కోసినాక కందికంప, పత్తి తీసినాక పత్తికట్టె, మిరప చేను దున్నే ముందు మిరపకట్టె, అన్నీ చూరు కిందికి చేరవలసిందే. అడవి దగ్గర లేని డెల్టా ఊళ్ళకు పిడకా, తాటిమట్టా, కొబ్బరిమట్టా ఆధారం. మెట్ట ఊళ్ళకు కంపే ఆధారం.

వానాకాలానికి ఎండుపుల్ల దాచుకోవడంలో పెద్ద లెక్క వుంది. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగందాకా నీరే వుండవచ్చు. ఆ నీరంతా ఆవిరైతే గాని కట్టె సరిగా అంటుకోదు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో ఏడు కిలోల చన్నీళ్ళను మరిగేదాకా తేవచ్చు. అంటే తడికట్టె పెట్టిన యిల్లాలు అన్నం కంటే ముందు కట్టెను వుడకబెడుతున్నదన్న మాట. యిది మన అవ్వలకు ఎవరూ చెప్పలేదు. అయినా చూరు కింద కట్టె ఆరబెట్టడం వారికి తెలుసు.

వారికి తెలిసినవి యింకా వున్నాయి. పెద్ద పొయ్యి పక్కనే కోడుపొయ్యి పెట్టేవారు. అసలు పొయ్యిలో మండగా మిగిలిన మంట దాని కిందికి పోయి పప్పో నీళ్ళో కాగేవి. వేరే పుల్ల అక్కరలేదు. పాలకుండను దాలిలో పెట్టేవారు. నివురు కింద పిడక పొగులుతూ వుంటే, పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. చలికాలంలో స్నానపు నీళ్ళ కాగుకు మంచి కట్టె వాడేవారు కాదు. ఎండాకులు, చెత్త, మట్టలు పెరటి పొయ్యిలోకి, ఎండిన చింతమొద్దో తుమ్మమొద్దో వంటింట్లోకి. ఏ పనికి ఏ మంట చాలునో చూసి పెట్టడం పొదుపులో మొదటి పాఠం. దానికి వారు పొదుపు అని పేరు పెట్టలేదు.

ఇంతవరకు విని, పాతకాలమే మేలని అనుకోకండి. ఆ పొయ్యి పక్కనే పొగగూడు కూడా లేని వంటిల్లు వుంది. పొగలో మండే కళ్ళతో ఊదుగొట్టం ఊదిన ఆడమనిషి వుంది. 1980ల తొలి సంవత్సరాలలో కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త, మన దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి గుజరాత్ పల్లెల వంటిళ్ళలో పొగను కొలిచాడు. వంట చేసే స్త్రీ పీల్చే పొగ పట్టణపు వీధుల పొగను మించి వున్నదని ఆ కొలతల్లో తేలింది. దగ్గు, ఆయాసం, కంటి జబ్బు, వీటిని ఏ యింటి పద్దులోనూ కట్టెల ఖర్చు కింద రాసుకోలేదు.

పొలం పద్దు సంగతి చూడండి. 1889లో ఇంగ్లండు నుంచి జాన్ ఆగస్టస్ వోల్కర్ అనే వ్యవసాయ రసాయనవేత్తను మన దేశపు సేద్యం పరిశీలించడానికి పంపారు. 1893లో అచ్చయిన ఆయన నివేదికలో ఒక మాట మన రైతులకు గౌరవం తెచ్చేది. పేడ ఎరువని రైతుకు తెలియక కాల్చడం లేదు, కట్టె దొరకక కాలుస్తున్నాడు అని ఆయన తేల్చాడు. ఊళ్ళ దగ్గర వంటచెరకుకు, పశుగ్రాసానికి ప్రత్యేకంగా అడవులు పెంచండని సలహా యిచ్చాడు. అప్పటికే 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చి, రిజర్వు హద్దుల లోపల పుల్ల విరవాలన్నా పశువును మేపాలన్నా అనుమతి కావలసి వచ్చింది. పల్నాటిలో 1921-22లో పుల్లరి మీద జరిగిన పోరాటం, అందులో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలికావడం మీరు వినే వుంటారు. అది మేత మీది పన్ను గొడవ. కాని గడ్డికి కాపలా వున్న చోట కట్టెకు కాపలా లేకుండా వుంటుందా? అడవి మూతపడిన కొద్దీ పేడ పొయ్యిలోకి పోయింది.

దాని ఖరీదెంతో లెక్క కడదాము. రెండు పెద్ద పశువులున్న యింట్లో రోజుకు సుమారు 25 కిలోల పచ్చిపేడ దొరుకుతుందనుకోండి. నూటికి 0.3 పాలు నత్రజని చొప్పున రోజుకు 75 గ్రాములు, సంవత్సరానికి 27 కిలోలు. యూరియా లెక్కన చూస్తే 45 కిలోల బస్తా ఒకటీ, యింకో బస్తాలో మూడోవంతూ. పిడక కాలిస్తే యీ నత్రజని పొగలో పోతుంది, నేలను గుల్లబరిచే సేంద్రియ పదార్థమూ పోతుంది. బూడిదలో పొటాషు, భాస్వరం మిగులుతాయి. పేడను దిబ్బలో వేసినా కొంత నత్రజని ఆవిరవుతుంది కనుక యిది కాగితం మీది లెక్కే. సగం వేసుకున్నా చిన్న మొత్తం కాదు.

దీపం మాట రెండు ముక్కల్లో చెబుతాను. ఆముదపు దీపం పోయి కిరసనాయిలు బుడ్డి వచ్చింది. యింటి మంటకు నెలనెలా డబ్బు పెట్టి కొనడం మన పల్లెలకు అలవాటు చేసింది కిరసనాయిలే. 1942లో బర్మా జపాను వారి చేతిలోకి పోయి, అక్కడి నూనె రావడం ఆగిపోయిన తర్వాత, ఊరి బయటి నుంచి వచ్చే వస్తువు మీద ఆధారపడడమంటే ఏమిటో కూడా తెలిసింది.

ఇక పొగరాని పొయ్యి కథ. యిది మన వారంతా తెలుసుకోదగినది. ఎందుకంటే దీనిలో మన హైదరాబాదుకు మంచి చోటు వుంది. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘం వారు మగన్ చుల్హా అనే పొయ్యి తయారుచేశారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు దీనిమీదనే పనిచేసి, మట్టితో కట్టుకోగల బహుపాత్రల పొయ్యిని రూపొందించాడు. ఆ పరిశోధనశాల పేరుతోనే అది దేశమంతా ప్రసిద్ధమయింది. 1953లో ఆయన "లక్షలాది ప్రజలకు పొగలేని వంటిళ్ళు" అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో చిన్న పుస్తకం వేశాడు. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు, చివర పొగగొట్టం, అదీ దాని వైనం. వంటిల్లు ఎట్లా వుంటే పొయ్యి అట్లా అని ఆయన ఆలోచించడం నాకు నచ్చిన విషయం. సిమెంటుకీ యినుముకీ డబ్బు లేని యిల్లాలికి మట్టితోనే మార్గం వెతికాడు.

మన కోడుపొయ్యి సూత్రమే యిందులోనూ వుంది చూడండి. మిగిలిన మంటను పారనీయకుండా రెండో గిన్నె కింద నడిపించడం. కొత్తగా వచ్చింది పొగగొట్టం.

1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయిన తర్వాత గ్రామసేవికలు యీ తరహా పొయ్యిలను ఊరూరా చూపించారు. 1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టి, 2002 వరకు నడిపి, మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. మరి అవన్నీ ఏమైనవి? చాలా చోట్ల ఒకటి రెండేళ్ళలో పగిలి మూలపడ్డాయి. విస్తరణోద్యోగులు దీన్ని దాచుకోనక్కరలేదు, కారణాలు తెలుసుకోవాలి. పొగగొట్టం బాగా లాగిన కొద్దీ పొగతోబాటు వేడి కూడా పైకి పోతుంది. గొట్టంలో అడ్డురేకు పెట్టి, మంట అందుకోగానే సగం మూయకపోతే కట్టె తగ్గకపోగా పెరుగుతుంది. రెండో కంత మీద గిన్నె లేకుండా వదిలేస్తే పొగ అక్కడి నుంచే వస్తుంది. యింట్లో వున్న గిన్నెల కొలత తీసుకోకుండా ఒకే అచ్చుతో కంతలు చేస్తే, యిల్లాలు తన తపేలాకు సరిపడేట్టు గునపంతో వెడల్పు చేసుకుంటుంది. ఆ సంధులోంచి మంట వెళ్ళిపోతుంది. గొట్టానికి పట్టిన మసి నెలకొకసారి దులపకపోతే పొయ్యి ఊపిరాడక పొగ వెనక్కు కొడుతుంది. తాటాకు కప్పులోంచి గొట్టం తీస్తే నిప్పు భయం. కట్టి వెళ్ళిన మేస్త్రీ మళ్ళీ రాడు. పొయ్యి తప్పు కొంత, పంచిన పద్ధతి తప్పు ఎక్కువ అని నా అభిప్రాయం. యిప్పటికీ కట్టెపొయ్యి వాడుతున్న యింటివారు గిన్నె అంచుకూ కంతకూ సందు లేకుండా మట్టితో సరిచేసుకుని, గిన్నె మీద మూత పెట్టి, ఎండుకట్టెను సన్నగా చీల్చి వాడితే, ఏ పథకమూ లేకుండానే పుల్ల కలిసివస్తుంది.

పేడ పొయ్యిలోకి పోవాలా పొలంలోకి పోవాలా అన్న పాత తగవును తీర్చింది గోబర్ గ్యాసు. పేడలో పుట్టే యీ వాయువు మన దేశానికి కొత్త కాదు. బొంబాయి దగ్గర మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే మలినాల నుంచి గ్యాసు తీసి దీపాలకు వాడారు. 1951 ప్రాంతాల్లో జష్‌భాయి పటేల్ యినుప డ్రమ్ము తేలే నమూనా చేసి దానికి గ్రామలక్ష్మి అని పేరుపెట్టాడు. 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని చేపట్టింది. డ్రమ్ము ఖరీదు, తుప్పు రైతుకు భారమయ్యాయి. అప్పుడు 1978లో డ్రమ్ము లేని జనతా నమూనా, 1984లో యింకా తక్కువ యిటుకతో అయ్యే దీనబంధు నమూనా వచ్చాయి.

రోజుకు 25 కిలోల పేడను అంతే నీళ్ళతో కలిపి పోస్తే సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. చిన్న కుటుంబపు వంటలో పెద్ద భాగం దానితో గడుస్తుంది. బయటికి వచ్చే బురదలో నత్రజని అట్లాగే వుంటుంది. ఒకే పేడకు రెండు పనులు. అయితే దీనికీ కాలాలున్నాయి. లోపల గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి, 20 డిగ్రీలకు దిగువైతే అవి మందగిస్తాయి. అందుకే దక్షిణాది జిల్లాలకు పేడ 30 రోజులు నిలిచేట్టు గుంత కడితే, చలి ఎక్కువైన కొండప్రాంతాలకు 55 రోజుల లెక్కన కడతారు. మనకు ధనుర్మాసంలో గ్యాసు తగ్గిందంటే గుంత చెడిపోయిందని బెంగపడనక్కరలేదు. పేడను తెల్లవారుజామున చన్నీళ్ళతో కాకుండా, ఎండలో పెట్టిన నీళ్ళతో మిట్టమధ్యాహ్నం కలిపి పోయండి. గోపురం మీద వరిగడ్డి మందంగా పరవండి. చాలా గుంతలు మూతపడడానికి అసలు కారణం చలి కాదు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి, పేడ చాలలేదు. పశువులు లేని యింటికి సబ్సిడీ చూపించి గుంత కట్టించడం విస్తరణ పని కాదు.

తర్వాత గ్యాసు బండ వచ్చింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు కనెక్షన్లు యిచ్చారు. 2016లో ఉజ్జ్వల పథకం దేశమంతటా వచ్చింది. పొగ విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. కాని బండ యింటికి రావడం వేరు, రెండో బండ కొనడం వేరు. కూలి దొరకని నెలల్లో బండను చుట్టాలు వచ్చినప్పటికి దాచి, మళ్ళీ కట్టె రాజేసిన యిళ్ళు అనేకం. అట్లాంటి యిళ్ళలో బండ ఎక్కువ రోజులు రావడమే అసలు ఆరోగ్యపు మాట. పప్పు, శనగలు రాత్రే నానబెట్టడం, మరుగు వచ్చాక మంట తగ్గించడం, కుక్కరు వాడడం యివన్నీ చిన్నవిగా కనబడతాయి. నీరు మరుగు వచ్చిన తర్వాత మంట ఎంత పెంచినా దాని వేడి పెరగదు, ఆవిరి మాత్రమే పెరుగుతుంది. యిది ఒక్కటి మనసుకెక్కితే తక్కినవి అవే వస్తాయి.

కరెంటుకు వద్దాము. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడేనాటికి, పల్లెల్లో కరెంటు దీపం చూడడానికి పక్క ఊరు వెళ్ళేవారు. మొదట వచ్చింది ఒక బల్బు. తర్వాత ఫాను, టి.వి., ఫ్రిజ్. మంటను ఊదుగొట్టంతో కొలిచిన యిల్లాలికి కరెంటు కంటికి కనబడదు. మీటరు చదవడం కూడా ఎవరూ నేర్పలేదు. అందుచేత లెక్క చెబుతాను. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. అయితే ఒకటిన్నర కూడా దాటదు. 2015లో ఉజాలా కార్యక్రమంతో యీ దీపాలు చవకగా పల్లెలకు చేరడం మంచి మలుపు. 75 వాట్ల పాత ఫాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్లతో తిరిగే కొత్త తరహా ఫాను అయితే 11. పాత పెద్ద డబ్బా రెగ్యులేటరుతో వేగం తగ్గిస్తే, తగ్గిన కరెంటులో కొంత ఆ డబ్బా వేడెక్కడానికే పోతుంది.

బిల్లులో యింకో కిటుకు వుంది. యూనిట్లు పెరిగిన కొద్దీ రేటు కూడా మెట్టుమెట్టుగా పెరుగుతుంది. మెట్టు అంచున వున్న యింటికి పది యూనిట్లు తగ్గినా లాభం తెలుస్తుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే అర్హులైన యిళ్ళకు కూడా ఆ నెల మొత్తం బిల్లు పడేట్టు పెట్టారు. కాబట్టి నెల మధ్యలో ఒకసారి మీటరు చూసి రాసుకోవడం బిల్లు వచ్చాక గొడవపడడం కంటే లాభం.

వేసవి బిల్లుకు మూలం మన యింటి పైకప్పు. పూర్వపు మండువా లోగిలిలో వేడిగాలి మధ్య నుంచి పైకి పోయేది. రాయలసీమ మట్టిమిద్దె మందపు కప్పు పగటి ఎండను లోపలికి రానిచ్చేది కాదు. వాకిట్లో తాటాకు చలువపందిరి, కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడిక వుండేవి. సిమెంటు శ్లాబు వచ్చాక వాన కారడం పోయింది. అది గొప్ప సుఖమే, కాదనను. కాని శ్లాబు పగలంతా ఎండ మింగి రాత్రంతా కక్కుతుంది. ఆ వేడిని ఫాను చల్లార్చలేదు, యిల్లంతా కలియదిప్పుతుంది. అప్పుడు ఎ.సి. మీదికి మనసు పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించినది యీ కారణం చేతనే. తెల్లని కప్పు ఎండను వెనక్కు కొడుతుంది. ఫాల్గుణంలోనే శ్లాబు కడిగి, సున్నం రెండు పూతలు వేయండి. గోడలకు ఏటా వేసే సున్నమే, కప్పుకెందుకు వేయలేదో ఆలోచించండి. పడమటి గోడ మీద ఎండ పడకుండా పందిరి వేసి, బీరతీగో చిక్కుడుతీగో ఎక్కించవచ్చు. తీగ ఎదిగే వ్యవధి వుండేట్టు ముందే విత్తుకోవాలి. ఎ.సి. వున్న యింటివారు ఒక్కొక్క డిగ్రీ పెంచిన కొద్దీ దాని కరెంటు నూటికి సుమారు 6 పాళ్ళు తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నది. 26 డిగ్రీల దగ్గర పెట్టి ఫాను కూడా తిప్పుకుంటే కష్టమేమీ వుండదు.

చలికాలంలో మళ్ళీ స్నానపు నీళ్ళ దగ్గరికే వస్తాము. 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కరెంటు పడుతుంది. అదే నీళ్ళకు మూడురాళ్ళ పొయ్యి మీద కిలోకు పైగా ఎండుకట్టె పడుతుంది. నలుగురున్న యింట్లో నెలకు 60 యూనిట్లు నీళ్ళలో పోయినట్టే. మన చలికాలంలో ఆకాశం నిర్మలంగా వుంటుంది, ఎండకు కరువు లేదు. నల్లరంగు పూసిన డ్రమ్మో, పొడవాటి నల్లని గొట్టపు చుట్టో మేడ మీద పెట్టి, స్నానాలను పొద్దు వాలిన వేళకు మార్చుకుంటే యీ ఖర్చు చాలావరకు పోతుంది. పొద్దున్నే స్నానం చేసే నియమం వున్నవారికి సౌర నీళ్ళ హీటరు తగినది.

ఇక 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయిన సూర్యఘర్ పథకం కింద యింటి కప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకుంటున్నారు. కిలోవాటు ఫలకాలు మంచి ఎండలో రోజుకు 4 యూనిట్ల దాకా యిస్తాయి. శ్రావణ భాద్రపదాల ముసురులో తగ్గుతాయి. పొగరాని పొయ్యి గొట్టంలో మసి ఎట్లాంటిదో, ఫలకం మీద దుమ్ము అట్లాంటిది. వరికోతలప్పుడూ, రోడ్డు పక్క యిళ్ళలోనూ త్వరగా పట్టుతుంది. పెట్టించే ముందు కప్పు మీదికి ఎక్కే మెట్లు వున్నాయో లేదో, కడిగే వంతు ఎవరిదో యింట్లో మాట్లాడుకోండి. నెలకు రెండుసార్లు, ఎండ ఎక్కకముందు, మెత్తని గుడ్డతో మామూలు నీళ్ళు పోసి తుడవాలి. మధ్యాహ్నం కాగివున్న అద్దం మీద చన్నీళ్ళు పోయకండి, పగిలే ప్రమాదం వుంది.